తోక బరువు

తొమ్మిదో భాగం

కిందటి వారం నేను ఆఫీసు మెట్ల దగ్గర నిలబడిపోయాను. ఎక్కితే నోరు విప్పాలి. విప్పితే ఇల్లు కూలుతుంది.

మా అల్లుడు ఇక్కడి బడిలో విమానం నడపడం నేర్పే పంతులు. ఇక్కడి నుంచి ఒక్కడే చిన్న విమానం తీసుకుని గంట దూరంలో ఉన్న ఇంకో మైదానానికి బయలుదేరాడు. అక్కడ దిగబోతూ పడిపోయాడు. మనిషి దక్కలేదు. అదే బడిలో పెట్రోలు పోసేది నేను. పోశాక రెక్క అడుగున ఉన్న చిన్న మర తిప్పి, గాజు గొట్టంలోకి కాస్త పట్టి చూడాలి. నీళ్లు కలిసి ఉంటే అడుగున పూసలా నిలుస్తాయి. ఆ నీళ్లు ఇంజన్ దాకా పోతే ఇంజన్ ఆగిపోతుంది. ఆ ఉదయం కుడి రెక్క చూశాను. ఎడమ రెక్క చూడలేదు. రెండూ చూసినట్టు కాగితం మీద గుర్తు పెట్టాను.

పదహారు రోజులుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మొగుడు పోయిన రోజు నుంచి మా అమ్మాయి నా దగ్గరే ఉంటోంది. రెండు పూటలా నాకు అన్నం పెడుతోంది. ఎవరికి పెడుతోందో దానికి తెలియదు.

మెట్లెక్కాను.

ఆ గది పిల్లలకు పాఠాలు చెప్పే గది. గోడకు విమానం బొమ్మ, దాని ప్రతి ముక్కకూ గీత గీసి పేర్లు. పొడుగాటి బల్ల. బల్ల మీద ఫైళ్లు, వాటి మీద ఎగిరిపోకుండా ఇంజన్ బోల్టులు. మూల స్టూలు మీద ఫ్యాను తల తిప్పుకుంటూ తిరుగుతోంది. బల్లకు అటువైపు విచారణకు వచ్చిన అధికారిణి కూర్చుని ఉంది. లావుపాటి కళ్లజోడు, పొట్టి జుట్టు. వచ్చిన మొదటి రోజే మావాళ్లు ఆవిడకు కళ్లజోడమ్మ అని పేరు పెట్టేశారు.

ఇటువైపు మిస్త్రీ. ఇంజన్లు విప్పి బిగించేది అతనే.

"రా బావా. మెట్లు లెక్కపెడుతున్నావా ఏంటి, ఇంతసేపు?" అన్నాడు.

వరసకు బావను కాను. నాకు చెల్లెలు లేదు, అతనికి అక్క లేదు. ఇరవై ఆరేళ్లుగా పిలుస్తున్నాడు, నేను పలుకుతున్నాను.

మా అమ్మాయి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. అది కూడా ఇక్కడే పనిచేస్తుంది. విమానాల సీట్లకు గుడ్డ కుడుతుంది. రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపించే గాలిసంచీ దాని కుట్టే. కిటికీలోంచి దాన్నే చూస్తోంది. ఆ రోజు గాలి లేదు. సంచీ గుంజను పట్టుకుని ఉరేసుకున్నట్టు వేలాడుతోంది.

"కూర్చోండి పెద్దాయనా" అంది అధికారిణి.

నేను కూర్చోలేదు.

"సరే, మీ ఇష్టం. నేను రాసింది రేపు పైకి పోతుంది. ఆ తర్వాత పేపర్లవాళ్లు వాళ్లకు తోచినట్టు రాస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని పేపర్లో చదవకూడదు. నా నోటితోనే వినాలి. అందుకే పిలిచాను" అంటూ మా అమ్మాయి వైపు చూసింది. "వినగలవా అమ్మా?"

మా అమ్మాయి తలూపింది.

ఆవిడ ఫైలు తెరిచింది. చదవలేదు. చూసి చెప్పింది.

"దిగడానికి మలుపు తిరుగుతున్నప్పుడు విమానం స్టాల్ అయింది. భూమికి దగ్గరగా ఉంది. అక్కడి నుంచి కోలుకోలేదు."

అంతే.

స్టాల్ అన్న మాట నాకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్లుగా వింటున్నాను. నేర్చుకునే పిల్లలు కిందికి దిగి, చెమటలు తుడుచుకుంటూ, "ఇవాళ స్టాల్స్ చేశాం తాతా" అనేవాళ్లు. వాళ్లు పైన అది చేస్తున్నప్పుడు నేను కిందనుంచి వినేవాణ్ని. ఇంజన్ చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయేది. కాసేపు ఆకాశంలో ఏమీ వినపడేది కాదు. నా గుండె కూడా ఆగేది. మళ్లీ ఒక్కసారిగా గర్జించేది. ఓహో, ఇంజన్ ఆపడం, మళ్లీ వెలిగించడం నేర్పుతున్నారు కాబోలు అనుకున్నాను. మాకు పెట్రోలు తెచ్చే లారీ డ్రైవరు కూడా గేటు ముందు బండి ఆగిపోతే, "స్టాల్ అయింది తాతా, తొయ్యండి" అనేవాడు. లారీకి ఆ మాటకు ఆ అర్థమైతే విమానానికి వేరే అర్థం ఎందుకుంటుంది? ఎవర్నీ అడగలేదు. అడగడం నా అలవాటు కాదు.

కాబట్టి నా చెవికి ఆవిడ చెప్పింది ఒక్కటే. ఇంజన్ ఆగింది. ఎందుకు ఆగుతుంది? నీళ్లు. ఆ నీళ్లు ఎవరివి? నావి.

"ఎడమ రెక్క నేను చూడలేదమ్మా" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఏ ఎడమ రెక్క?" అంది అధికారిణి.

"మా అల్లుడి విమానానిది. నీళ్ల పరీక్ష. కుడి రెక్కలో పట్టి చూశాను. ఎడమ రెక్కలో పట్టలేదు. పట్టినట్టు గుర్తు పెట్టాను. ఇంజన్ నావల్ల ఆగింది. రాసుకోండి."

మిస్త్రీ కుర్చీలోంచి సగం లేచాడు. "బావా, నోరు ముయ్యి."

"ఇన్నాళ్లూ మూసే ఉంచాను."

మా అమ్మాయి కిటికీలోంచి తల తిప్పింది. దాని మొహం చూడకూడదనుకున్నాను. చూశాను.

"ఎందుకు చూడలేదు?" అంది. కూరలో ఉప్పెందుకు వెయ్యలేదు అన్నంత మామూలుగా అడిగింది.

"అతను రెక్క పక్కనే నిలబడి ఉన్నాడు."

"ఉంటే?"

"దగ్గరికి వెళ్తే పలకరించాలి కదా. అందుకని."

దానికి తెలుసు, మా ఇద్దరికీ వారం రోజులుగా మాటల్లేవని. అక్కడి మైదానంలో అతనికి మూడు నెలల పని పడింది. ఒక్కడే వెళ్తానన్నాడు. గది చిన్నది, ఖర్చు, మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి అన్నాడు. అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఇంతే. షెడ్డులో అందరి ముందూ, "పెళ్లాన్ని మోయలేనివాడికి రెక్కలెందుకు" అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను అతనితో అన్న ఆఖరి మాట అదే.

"అంటే మాట పట్టింపు" అంది మా అమ్మాయి. "అంతేనా?"

"అంతే."

"పదహారు రోజులు నా చేతి అన్నం తిన్నావు."

"తిన్నాను."

"ఎలా దిగింది నాన్నా?"

"దిగలేదు తల్లీ."

అది లేచింది. నా వైపు రెండడుగులు వేసింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. నాకు తగలకుండా పక్కకు ఒదిగి, గోడను ఆనుకుంటూ పోయి తలుపు దగ్గర నిలబడింది. మైలపడ్డవాణ్ని తప్పుకుని పోయినట్టు పోయింది. ఇంక జన్మలో నా చేతికి ముద్ద అందదని నాకు అప్పుడే తెలిసిపోయింది. అందకపోవడమే న్యాయం.

"పెద్దాయనా," అంది అధికారిణి. "ఇంజన్ ఆగిందని మీకెవరు చెప్పారు?"

"మీరే కదమ్మా. ఇప్పుడే."

"నేనా?"

"స్టాల్ అయిందన్నారు కదా."

మిస్త్రీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఓరి నీ ఇల్లు బంగారం కాను! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి కథ విన్నాను. కాయ పోకుండానే తడుముకున్నవాణ్ని నిన్నే చూశాను. ఇంజన్ ఆగలేదు బావా. ఆ ఇంజన్ నేనే విప్పాను. నేల తాకేదాకా గిర్రున తిరుగుతూనే ఉంది. ముందున్న పంకా రెక్కలు మెలిపడిపోయాయి. ఆగిపోయిన పంకా అయితే అలా మెలిపడదు, ఒక పక్కకు వంగి ఊరుకుంటుంది."

"మిగిలిన పెట్రోలు కూడా పరీక్షకు పంపాం" అంది అధికారిణి. "రెండు రెక్కల్లోనూ చుక్క నీరు లేదు."

నాకు ఎక్కలేదు. "మరి స్టాల్ అంటే?"

ఆవిడ నవ్వలేదు. అందుకు ఆవిడకు ఇప్పటికీ దణ్ణం పెడతాను. లేచి వెళ్లి ఫ్యాను తల తిరగకుండా బిగించింది. ఒక ఫైలు అట్ట విప్పి చేత్తో ఒక అంచు పట్టుకుని, ఫ్యాను గాలిలో పడుకోబెట్టినట్టు పెట్టింది.

"ఇది రెక్క అనుకోండి. గాలి ఎదురుగా వస్తోంది. ఇలా చదునుగా ఉంటే ఏమీ లేదు. ఇప్పుడు ముందు అంచు కాస్త లేపుతాను. చూడండి, అట్ట నా చేతిని పైకి తోస్తోంది. మీరూ పట్టుకోండి."

పట్టుకున్నాను. నిజమే. ప్రాణమున్నదానిలా చేతిని పైకి లాగింది.

"దాన్నే లిఫ్ట్ అంటారు. విమానం బరువును మోసేది అదే. ఇంజన్ మోయదు. ఇంజన్ ముందుకు లాగుతుంది, అంతే."

"నేను ఎప్పుడో చెప్పాను వీడికి" అన్నాడు మిస్త్రీ. "రెక్క మీద ఉండేది లిఫ్టు, దానికి తలుపుండదు. తోక మీద ఉండేది ఎలివేటరు, దాంట్లో మనుషులెక్కరు. రెండూ వేర్వేరు అని. వింటేనా!"

"ఇంకొంచెం లేపండి" అంది ఆవిడ. లేపాను. అట్ట ఇంకా బలంగా లాగింది. "ఇంకొంచెం."

ఇంకొంచెం లేపాను. అట్ట టపటపా కొట్టుకుంది. అప్పటిదాకా ఉన్న ఆ పైకి లాగే బలం చటుక్కున పోయింది. నా చెయ్యి కిందికి పడింది.

"అది స్టాల్" అంది ఆవిడ. "ఫ్యాను ఆగిందా?"

"లేదు."

"గాలి ఆగిందా?"

"లేదు."

"ఆగింది రెక్క. ముక్కు మరీ ఎక్కువ లేపితే గాలి రెక్కను అంటుకుని పోవడం మానేస్తుంది. అప్పుడు రెక్క ఉత్త రేకు. పిల్లలకు నేర్పేటప్పుడు పైలట్లు కావాలనే ఇంజన్ తగ్గించి, వేగం పడిపోనిచ్చి, ముక్కు లేపి ఇది చేయిస్తారు. అందుకే మీకు కిందికి చప్పుడు వినపడేది కాదు. ఆపరు. తగ్గిస్తారు."

అట్ట నా చేతిలోనే ఉంది. ఇరవై ఆరేళ్లు నా నెత్తి మీద జరిగిన సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. నేను కూర్చున్నాను. కూర్చున్నట్టు నాకు తెలియదు. చూస్తే కుర్చీలో ఉన్నాను.

నేను చంపలేదు. ఆ మాట లోపల అనుకుని చూశాను. నిజం చెప్పాలి కదా, ముందుగా వచ్చింది ఏడుపు కాదు. ఆకలి. పదహారు రోజులుగా లేని ఆకలి. పోయినవాడు పోయే ఉన్నాడు, పిల్ల గోడకు జారబడి ఉంది, నాకు ఆకలేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

"పరీక్ష చెయ్యకుండా గుర్తు పెట్టడం తప్పే" అంది అధికారిణి. "అది వేరే రాస్తాను. మీ పని పోవచ్చు. కానీ మనిషి పోయింది దానివల్ల కాదు."

"పోనీండమ్మా" అన్నాను. ఆ క్షణాన పని పోవడమంటే చెప్పు తెగినంత మాట.

తలుపు దగ్గరి నుంచి మా అమ్మాయి గొంతు వచ్చింది. "అంటే ఆయనదా తప్పు?"

అందరం దాని వైపు తిరిగాం.

"ముక్కు ఎక్కువ లేపితే అన్నారు. లేపింది ఎవరు? ఆయనే కదా నడిపింది. ఆయనకి చేతకాలేదని రాశారా?"

"అమ్మా, విను..."

"రెండు వందల మందికి నేర్పాడండీ! రాత్రి నిద్రలో కూడా అదే గోల. ముక్కు దించు, ముక్కు దించు అని కలవరించేవాడు. నేనే లేపి మంచినీళ్లిచ్చేదాన్ని. అలాంటి మనిషికి ముక్కు దించడం రాలేదా?" దాని గొంతు పగిలింది. "రేపు పేపర్లో పైలట్ తప్పిదం అని వస్తుంది. అంతేగా?"

అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అది లేకుండా ఆవిడ మొహం వేరే మనిషిలా ఉంది. అలిసిపోయి ఉంది.

"ఆ ముక్క రాయలేకే పదహారు రోజులు పట్టింది" అంది. "నాకూ అదే అనుమానం. అంత తెలిసినవాడు ఎందుకు కోలుకోలేకపోయాడు? ముక్కు లేపడానికీ దించడానికీ పైలట్ పట్టుకునే పిడిని చూశాం. ముందుకు ఎంత తొయ్యొచ్చో అంతా తోసేసి ఉంది. నేల తాకేటప్పటికి కూడా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. అంటే ముక్కు దించడానికే చూశాడమ్మా. చెయ్యాల్సింది చేశాడు. విమానమే మాట వినలేదు."

మా అమ్మాయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెంబడి జారి కింద కూర్చుంది. ఏడ్చింది. పదహారు రోజుల్లో అది గట్టిగా ఏడవడం అదే. నాకు అది మంచి ఏడుపనిపించింది. మొగుడు తిరిగి రాడు, మొగుడి పేరు మాత్రం తిరిగి వచ్చింది. మిస్త్రీ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడితో ఆపేసి ఇంటికి పోయి ఉంటే ఎంత బాగుండేది!

"ఎందుకు వినలేదు?" అన్నాను నేను. అడగడం అలవాటు లేనివాణ్ని. ఆ రోజే అడగాలా?

"పెట్రోలు పోయడానికి రెక్కకు వేసుకుంటారే, ఆ నిచ్చెన పొడుగెంత?" అంది ఆవిడ.

"పది మెట్లు."

"భుజాన వేసుకుని మోసేటప్పుడు ఎక్కడ పట్టుకుంటారు?"

"నడిమికి. ఏ పక్కా వాలని చోటు ఒకటుంటుంది. భుజానికే తెలుస్తుంది."

"వెనక కొసకు పెట్రోలు డబ్బా తగిలిస్తే?"

"వెనక్కి వాలుతుంది. ముందు కొస ఆకాశం చూస్తుంది." నాకు తెలిసిన పని కాబట్టి మాటలు వాటంతట అవే వచ్చాయి. "అప్పుడు భుజం వెనక్కి జరపాలి. జరపకపోతే ఎంత అదిమినా ముందు కొస దిగదు."

"అంతే పెద్దాయనా. నేను రాసింది కూడా అదే. విమానానికీ ఆ నడిమి చోటు ఉంటుంది. గరిమనాభి అంటారు."

"మేం సీజీ అంటాం" అన్నాడు మిస్త్రీ.

"ఏమన్నా అనండి. ఎవరెంత బరువో, ఏది ఎక్కడ పెట్టారో కాగితం మీద వేసుకుని, అది సరిగ్గా ఉంటేనే ఎగరాలి. విమానంలో భుజం జరిపే వీలు లేదు. తోకలో బరువు ఎక్కువైతే ముక్కు లేస్తుంది. వేగంగా పోతున్నంతసేపు గాలే తోకను మోస్తుంది కాబట్టి పైలట్‌కి అంతగా తెలియదు. పిడి కాస్త తేలిగ్గా ఉందేమిటి అనుకుంటాడు. దిగడానికి వేగం తగ్గించగానే తోక తన బుద్ధి చూపిస్తుంది. ముక్కు లేస్తుంది. రెక్క స్టాల్ అవుతుంది. ఇక దించుదామన్నా దిగదు."

నేను అట్ట బల్ల మీద పెట్టాను.

ఆవిడ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. మా అల్లుడి చేతిరాత. గుండ్రంగా, పిల్లలకు బోర్డు మీద రాసినట్టు ఉంటుంది. "ఇది ఆయన రాసిన బరువుల కాగితం. మనిషి ఇంత, పక్క సీట్లో పెట్టుకున్న ఆయన సంచీ ఇంత, పెట్రోలు ఇంత. వెనక సామాను అర దగ్గర సున్నా చుట్టాడు. ఆ అరలో పది కిలోలకు మించి పెట్టకూడదు. ఆయన విమానం చుట్టూ తిరిగి చూసుకున్నాడు, అర ఖాళీగా ఉంది, సున్నా రాశాడు. సంతకం చెయ్యడానికి ఆఫీసులోకి వచ్చాడు. పావుగంట ఇక్కడ ఉన్నాడు. తిరిగి వెళ్లి నేరుగా ఎక్కేశాడు. రెండోసారి అర తెరవలేదు."

"ఎందుకు తెరుస్తాడు?" అన్నాడు మిస్త్రీ. "ఒకసారి చూసుకున్నాక?"

"ఆ పావుగంటలో ఎవరో పెట్టారు."

ఆవిడ ఫొటో ఒకటి బల్ల మీద పెట్టి నా వైపు తోసింది.

రేకు పెట్టె. ఒక పక్క నలిగి పళ్లెమైపోయింది. మూత మీద నీలం రంగు పూలు ఇంకా కనపడుతున్నాయి. ఎత్తడానికి పిడికి గుడ్డ చుట్టి కుట్టి ఉంది, చెయ్యి కోసుకోకుండా. సీట్లకు కుట్టే గుడ్డ. ఆ కుట్టు ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ పెట్టె మా అమ్మాయి మంచం కింద ఉండేది. పదహారు రోజులుగా దాని సామాను నా ఇంటికి ఒక్కొక్కటే వచ్చింది. ఈ పెట్టె రాలేదు. నేను గమనించనే లేదు.

తల ఎత్తాను.

మా అమ్మాయి ఏడుపు ఆపేసింది. నేల మీద నుంచి లేచి ఎప్పుడు వచ్చిందో, నా భుజం వెనక నిలబడి ఫొటో చూస్తోంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. మొహం కాదది, తుడిచేసిన పలక. నాకు మొత్తం అర్థమైపోయింది. తీసుకెళ్లనన్నాడు కదా, పెట్టె ముందు పంపితే, వెనకాలే తాను వెళ్తే, ఇంక కాదనలేడు అనుకుంది. పిచ్చిది. మొగుడి దగ్గరికి పోవాలనుకుంది. అంతే. పది కిలోల సంగతి దానికేం తెలుసు? స్టాల్ అంటే నాకేం తెలుసో దానికీ అంతే తెలుసు. అప్పుడే కదా దానికి మొగుడి పేరు తిరిగి వచ్చింది. ఇప్పుడు దాని సొంత పేరు పోబోతోంది.

"చెప్పకుండా విమానంలో బరువు పెట్టడం మామూలు తప్పు కాదు" అంటోంది అధికారిణి. "మనిషి పోయాడు కాబట్టి కేసవుతుంది. జైలు కూడా ఉండొచ్చు. మీలో ఎవరికైనా ఈ పెట్టె..."

"నే..." అంది మా అమ్మాయి.

"నేనే పెట్టానమ్మా" అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. నా చెయ్యి వెనక్కి పోయి దాని మణికట్టు దొరకబుచ్చుకుంది. చల్లగా ఉంది. గట్టిగా నొక్కాను. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నొక్కినట్టు.

మిస్త్రీ నా వంక చూశాడు. తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. ఇంక తల ఎత్తలేదు.

"మీరా?" అంది అధికారిణి.

"నేనే."

"ఇందాకటిదాకా నీళ్లన్నారు."

"అదీ నేనే. ఇదీ నేనే. కూతురి సామాను అల్లుడి దగ్గరికి చేరాలని పెట్టాను. అతనితో మాటల్లేవు కదా, చెప్పలేదు."

"అమ్మాయికి తెలుసా?"

"దానికేమీ తెలియదు."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. కలం తీసింది. "ఎత్తింది మీరొక్కరేనా?"

"నేనొక్కణ్నే."

"ఎంత బరువుంటుంది?"

ఆ పెట్టె నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆవిడ దాన్ని తూకం వేసే ఉంటుంది. లెక్క తప్పితే అబద్ధం అక్కడికక్కడే చస్తుంది. ఆలోచించాను. సామాను అర తలుపు నడుమెత్తున ఉంటుంది. మా అమ్మాయి నిండు డబ్బా నడుమెత్తు లేపగలదు. రెండు డబ్బాలు లేపలేదు, ఈడుస్తుంది. ఈడ్చి ఉంటే ఎవరో ఒకరు చూసి ఉండేవాళ్లు.

"డబ్బాన్నర" అన్నాను. "పెట్రోలు డబ్బా నిండుది, ఇంకో సగం. ఇరవై మూడో, నాలుగో ఉంటుంది కిలోల్లో."

కలం ఆగింది. ఆవిడ ఫైలు పేజీ తిప్పి చూసింది.

"ఇరవై నాలుగు" అంది. గొంతులో అనుమానం కాస్త తగ్గింది. రాసుకుంది.

నా చేతి కింద మా అమ్మాయి నాడి పిట్టలా కొట్టుకుంటోంది. ఊరుకో తల్లీ, అనుకున్నాను. ఊరుకో. ఒక్క నిమిషం. నాకు ఈ బరువు అలవాటే, పదహారు రోజులు మోశాను. ఇందాక ఒక పావుగంట దింపుకున్నాను, అంతే. మళ్లీ ఎత్తుకుంటాను.

"ఇంకొక్కటి" అంది అధికారిణి, రాస్తూనే, తల ఎత్తకుండా. "పెట్టెకు తాళం వేసి ఉంది. మేం కోసి తీశాం. తాళంచెవి విమానంలో ఎక్కడా దొరకలేదు. మీరే పెట్టారు కాబట్టి మీ దగ్గరే ఉండాలి. ఇవ్వండి."

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఊరికే పెట్టాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి.

ఆవిడ తల ఎత్తింది. చూపు నా జేబు మీద లేదు. నా భుజం మీదుగా నా వెనక్కి పోయింది.

నేను తిరిగి చూశాను. నేను పట్టుకోని మా అమ్మాయి రెండో చెయ్యి, దానికి తెలియకుండానే, మెడలో ఉన్న నల్లదారం దగ్గరికి పోయి, ఆ దారానికి వేలాడుతున్న చిన్న తాళంచెవిని పిడికిట్లో మూసేస్తోంది.